చేపలకు మూడు గదులు

బోరునీళ్ళ కోసం పోట్లాడి గెలిచిన మొనగాడు హిందూపురం మొత్తానికి టైలరు రుద్రప్ప ఒక్కడే. గిన్నెలు తోమడానికి తప్ప పనికిరాని ఆ నీళ్ళను వీధిలో ఉప్పునీళ్ళంటారు. "సముద్రం చేపలు తెస్తాండా, వాటికి ఉప్పునీళ్ళే కావాల, జరగండక్కా!" అని ఆడవాళ్ళను దబాయించి బిందెలు నింపుకుపోయాడు. ఎదురింటి తిప్పమ్మవ్వ బుగ్గలు నొక్కుకుంది.

ఇంటిల్లిపాదికీ ఉన్నది ఒకటే గది. గాజుతొట్టికి మాత్రం వెనక మూడు గదులు. మొదటిదాంట్లో స్పాంజి, నడిమిదాంట్లో చిన్న చిన్న బొక్కలున్న రాళ్ళు, చివర మోటరు పెట్టి, మురికినీళ్ళు అటు పోయి శుభ్రమై ఇటొస్తాయని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు.

"మీయమ్మ మంచం వాకిట్లో, చేపలకు మేడనా అప్పా?" అంది అవ్వ.

చేపల్ని బస్సెక్కించే ముందు బెంగళూరు చేపల అంగడివాడు ఫోన్‌లో, ఏం నీళ్ళు పోశావని అడిగాడు. బోరు ఉప్పు వేరట, సముద్రపు ఉప్పు వేరట. ఫిల్టరు ఎంత తిరిగినా ఆ నీళ్ళలో చేపలు పూట గడవకముందే చస్తాయట. శుద్ధిచేసిన నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపేదాకా పంపనన్నాడు.

వీధంతా చేపల కోసం కాచుకుని ఉంది. తొట్టి ఖాళీ చేస్తున్న రుద్రప్ప, ఫోన్ మాటలన్నీ విని గుమ్మంలో నిలబడి నవ్వుతున్న అవ్వ చెయ్యి పట్టుకున్నాడు.

"అవ్వా, నీ నోటికో దండం. ఎవరడిగినా ఫిల్టరు చెడిపోయిందని చెప్పు. నీళ్ళ మాట మాత్రం ఎత్తొద్దు."