నాది పూచీ

ఆరేళ్లుగా సెంట్ల కౌంటర్లో ఆమె చెయ్యే నమూనా. ముందు మణికట్టుకి కాస్త వాజిలిన్ రాస్తుంది, దానిమీద జానెడు దూరం నుంచి ఒక్కసారి సెంటు కొడుతుంది. అలాగే కొట్టించుకున్నవాళ్లెవరైనా చేతులు రుద్దుకోబోతే కంగారుపడిపోతుంది. "అయ్యో, రుద్దకండి మేడమ్! అలాగే ఆరనివ్వండి. రేపటిదాకా పోదు, నాది పూచీ!" పురిటి సెలవు అయ్యాక ఇవాళే మళ్లీ పనిలోకి వెళ్లింది. సాయంత్రం వస్తూనే కొడుకుని ఒళ్లోకి తీసుకుంది. ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నవాడు పాలకోసం నోరు తెరిచి, అంతలోనే ముక్కు చిట్లించి మొహం తిప్పేసుకున్నాడు. "నువ్వెవరో వాడికి తెలియట్లేదే తల్లీ" అంది వాళ్లమ్మ. ఆమె చెయ్యి సబ్బుతో రుద్దుకుంది, నిమ్మచెక్కతో రుద్దుకుంది. మళ్లీ ఎత్తుకుంటే మళ్లీ అదే ఏడుపు. వంటింట్లో వాళ్లమ్మ డబ్బాపాలు కలుపుతోంది. పాలు చేపి జాకెట్టు తడిసిపోతుంటే గుమ్మంలో నిలబడి, ఆమె మణికట్టు వాసన చూసుకుంది. నిక్షేపంగా ఉంది.