మా ఆయనతో మాత్రమే మాట్లాడిన బండి

దయ్యాల సంగతులు చెప్పేవాళ్లను మధ్యలో ఆపి, మీరు స్వయంగా చూశారా, ఎవరో చూశారని విన్నారా అని అడగడం నాకు అలవాటు. సగం కథలు అక్కడే ఆగిపోతాయి. ఫిజిక్స్ చదువుకున్నదాన్ని, షార్జాలో ఒక స్కూల్లో ఏళ్ల తరబడి అదే పాఠం చెప్పినదాన్ని. దేన్నీ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మడం లేదు. కానీ ఇది ఎవరో చెప్పింది కాదు. నా చెవులతో నేను విన్నది.

మా ఆయనకు ఇండస్ట్రియల్ ఏరియాలో పాత జపాన్ కార్ల యార్డు ఉంది. జపాన్ బండ్లకు మన ఊళ్లో లాగే స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. వాటిని తెప్పించి, స్టీరింగ్ ఎడమకు మార్పించి ఆఫ్రికా దేశాలకు పంపుతారు. ఓడ నుంచి ఏ బండి దిగినా అందరూ ముందు ఇంజన్ చూస్తారు. ఈయన నావిగేషన్ స్క్రీన్ ఆన్ చేస్తారు. దానికి జపాన్ మ్యాపు తప్ప మరో లోకం తెలియదు. షార్జా ఎండలో నిలబడి కూడా ఆఖరుగా తిరిగిన ఊరే చూపిస్తూ ఉంటుంది. ఆ ఊరేదో కనుక్కునే దాకా ఈయన టీ కూడా ముట్టుకోరు.

కరోనా గొడవలు సర్దుకున్నాక ఒక వెండిరంగు వ్యాన్ వచ్చింది. దాని స్క్రీన్ మీద బాణం గుర్తు సముద్రం పక్కన ఆగి ఉంది. షిమొకితా అనే ద్వీపకల్పమట. జపాన్ పెద్ద దీవికి ఉత్తరపు కొసన గొడ్డలిలా ఉంటుంది. మూడు వైపులా సముద్రం, ఒడ్డు వెంబడే రోడ్డు, తెల్లటి కొండచరియలు, మంచులో కూడా బయటే మేసే గుర్రాలు. ఆ రోడ్డు చివరిదాకా తానే నడపాలి అన్నారు. మా పెళ్లయ్యాక ఆయన తన కోసం అడిగింది అదొక్కటే.

ఆ రోజు నుంచి మా భోజనాల బల్ల నిండా షిమొకితా మ్యాపే, అన్నం గిన్నెలకు చోటు లేదు. ఎక్కడ ఆగాలి, ఏ రేవులో చేప తినాలి, ఏ సత్రంలో పడుకోవాలి, అన్నిటికీ వాదనే. ఏ దిక్కుగా తిరగాలన్న దాని మీద వారం గడిచింది. గడియారం ముల్లు తిరిగే దిక్కున వెళ్తే సముద్రం ఎడమవైపు, అంటే నా వైపు ఉంటుంది. తన వైపు ఉండాలంటారు ఆయన. నడిపే మనిషి రోడ్డు చూడాలి గానీ సముద్రాన్ని కాదని నేనే గెలిచాను.

గెలవలేకపోయింది ఒక్క విషయంలో. వాళ్ల నాన్న, అన్నయ్య ఇద్దరూ అరవై నిండకుండానే గుండెపోటుతో పోయారు. ఈయనకు యాభై ఎనిమిది. మూడో అంతస్తు ఎక్కేసరికి గోడ పట్టుకునేవారు. అడిగితే గ్యాస్ అనేవారు. వెళ్లే ముందు ఒకసారి గుండె చూపించుకుందామంటే, చూపించుకుంటే ఏదో ఒకటి బయటపడుతుంది, టికెట్లు రద్దు చేయిస్తావు, వచ్చాక చూద్దాం అన్నారు. ఆ మాటతో నాకు నిద్ర పట్టేది కాదు.

ఇన్నేళ్లుగా రోడ్డుకు కుడిపక్కన నడిపి నడిపి ఎడమపక్క ఎలా నడపాలో ఇద్దరం మరిచిపోయాం. అందుకే ఆ వ్యాన్‌ను స్టీరింగ్ మార్పించకుండా ఉంచారు. ఆదివారం పొద్దున్నే యార్డులో, బండ్ల వరసల మధ్య సందుల్లో, సాధన.

మొదటి ఆదివారమే అది మాట్లాడింది. ఆయన కూర్చుని తాళం తిప్పి ఇంకా బెల్టు పెట్టుకోలేదు, ఒక ఆడగొంతు మెల్లగా, మర్యాదగా జపాన్ భాషలో ఏదో అంది.

"చూశావా, ఎక్కీ ఎక్కగానే ఎంత బాగా పలకరిస్తోందో," అన్నారు.

"నేను పలకరిస్తే మీకు అర్థమవుతుంది. అదే వచ్చిన ఇబ్బంది," అన్నాను.

తర్వాత నేను కూర్చున్నాను. అది నోరు విప్పలేదు. మరుసటి వారమూ అంతే, ఆయనకు పలుకుతుంది, నాకు పలకదు. సీటు కింద బరువును పసిగట్టేదేదో ఉండి ఉంటుంది, నా బరువు చాలడం లేదనుకున్నాను. ఈయన కంటే లావుగా ఉండే మా ఎలక్ట్రీషియన్ రాజన్నను ఎందుకో చెప్పకుండా కూర్చోమన్నాను. కూర్చున్నాడు, ఇంజన్ స్టార్ట్ చేశాడు, ఏమీ లేదు. ఫోన్‌లో రికార్డు చేయాలని తట్టలేదు. తట్టి ఉంటే ఇది రాసే అవసరమే ఉండేది కాదేమో.

మూడో వారం ఖాన్ సాబ్ వచ్చారు. పాకిస్తానీ వ్యాపారి, చాలా ఏళ్లు జపాన్‌లో ఉండి వచ్చిన మనిషి. ఆయన వెనక సీట్లో ఉండగానే మా ఆయన తాళం తిప్పారు, గొంతు వినిపించింది. ఇది ఏం దారి చెబుతోంది అని అడిగాను.

"దారి కాదు భాభీ," అన్నారు ఉర్దూలో. "రెండు గంటలుగా ఆగకుండా నడుపుతున్నారు, కాస్త విశ్రాంతి తీసుకోండి అంటోంది. లాంగ్ డ్రైవ్‌లో అన్ని బండ్లూ చెప్పే మాటే."

ఇప్పుడే కదా స్టార్ట్ చేసింది అన్నాను. ఖరాబ్ అయి ఉంటుందని ఖాన్ సాబ్ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. డిసెంబరు గాలి చల్లగా వీస్తోంది. బండి దిగిన మా ఆయన మెడ చుట్టూ చొక్కా చెమటతో తడిసి ఉంది. కారు తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"పదండి ఆస్పత్రికి," అన్నాను.

"బండి చెప్పిందని వెళ్తే డాక్టర్ నన్ను కాదు, నిన్ను అడ్మిట్ చేస్తాడు."

"చేసుకోనివ్వండి. పక్కపక్క మంచాలు అడుగుతాను."

ఖాన్ సాబ్ తన కారు తలుపు తీసి పట్టుకున్నారు. ఈయనకు ఎక్కక తప్పలేదు.

గుండెకు వెళ్లే ముఖ్యమైన నాళం దాదాపు మూసుకుపోయిందన్నారు. ఇంటికి పంపలేదు, ఆ రోజే స్టెంట్లు వేశారు. ఇలాగే విమానం ఎక్కి ఉంటే అని డాక్టర్ ఏదో చెప్పబోయి ఆపేశాడు. మిగతాది నేను అడగలేదు.

ఆయన ఆస్పత్రిలో ఉండగానే వ్యాన్‌కు బేరం కుదిరింది. కొన్నవాడికి పాటలు కావాలట. రాజన్న ఫోన్ చేశాడు.

"మేడం, సారు గీ బండికి స్పీకర్లేమన్న తెచ్చి వెట్టిండా? కొత్తయి కొనాల్నా?"

ఉన్నవి ఏమయ్యాయని అడిగాను.

"ఎన్నడున్నయ్ మేడం? బండి దిగిన దినమే అద్దం మోటరు కోసం డోర్లు ఇప్పిన. గప్పుడే లెవ్వు. నాలుగు డోర్లూ ఖాళీ."

టాక్సీ పట్టుకుని వెళ్లాను. తలుపుల అట్టలు విప్పించి నా కళ్లతో చూశాను. స్పీకర్లు ఉండాల్సిన చోట గుండ్రటి కంతలు, వాటి నిండా పాత దుమ్ము. తీగల కొసలకు ఎవరో ఎప్పుడో చుట్టిన టేపు ఎండి పెళుసుబారింది. డాష్‌బోర్డు విప్పించాను, స్క్రీన్ వెనక కూడా వెతికించాను. శబ్దం రాగల వస్తువు హారన్ తప్ప ఆ బండిలో మరొకటి లేదు.

ఖాన్ సాబ్‌కు ఫోన్ చేసి, మీరు ఆ మాట నిజంగా విన్నారా అని అడిగాను. మీ వెనక సీట్లోనే కూర్చుని విన్నాను కదా భాభీ అన్నారు. స్పీకర్ల సంగతి చెప్పాను. అది విని దువా ఏదో చదువుకుని, భాయ్‌ని జాగ్రత్తగా చూసుకోమని పెట్టేశారు. ముగ్గురం ఒకేసారి ఒకే భ్రమలో పడ్డామని సర్దుకుందామంటే, నాకూ మా ఆయనకూ జపాన్ భాషలో ఒక్క ముక్క రాదు. రాని భాషలో భ్రమ ఎలా పడతాం? ఆ బండి అంతకుముందు ఎవరిదో, అతను ఏమయ్యాడో కనుక్కోవాలని చూశాను. తెలియలేదు.

షిమొకితా మ్యాపు మళ్లీ బల్ల మీదికి వచ్చింది. డాక్టర్ ఒప్పుకున్నాడు. ఈసారి స్టీరింగ్ నా చేతిలో, సముద్రం ఆయన వైపు.

స్పీకర్ల సంగతి ఆయనకు నేను చెప్పలేదు. తెలుగు పుస్తకాల జోలికి పోరు కాబట్టి ధైర్యంగా ఇక్కడ రాస్తున్నాను. చూడటానికి వచ్చినవాళ్లందరికీ, స్పీకర్ వైరు ఎక్కడో షార్ట్ అయి బండి అలా వాగిందని, దాని పుణ్యాన బతికానని నవ్వుతూ చెబుతుంటారు. కాదంటే, దాని బదులు చెప్పడానికి నా దగ్గర ఇంకో కారణమేదీ లేదు. నేను లేచి వెళ్లి టీ పెడతాను.