తప్పుల పంతులు

మా కొంటా బడిలో దశరథరామయ్య పంతులు తప్పు చెప్పని రోజు లేదు. ఆయన నోట ఒక ఒప్పు రావాలంటే శబరి నది వెనక్కి పారాలి. శబరి వెనక్కే పారుతుందని కూడా ఒకసారి చెప్పాడు. పిల్లలు ఆయన్ని రేవుకు లాక్కెళ్లి నీళ్లలో టేకాకు వేశారు.

“ఎటు పోతాంది పంతులూ?” అంది హుంగే అనే పిల్ల.

“అరెరె, అటా! నీకెవరు చెప్పారే?”

“ఎవరు చెప్పాలె? కండ్లు లేవా?”

అంతకుముందున్న పంతులు హిందీ వాచకం బట్టీ పట్టించేవాడు. దోర్ల తెగ పిల్లలకు ఆ భాష రాలేదుగానీ బెత్తం భాష తొందరగానే వచ్చింది. అందరూ బడి ఎగ్గొట్టి అడవికి పోయి ఇప్పపువ్వు ఏరుకున్నారు. దశరథరామయ్య వచ్చాక ఆ బెత్తాన్ని చిక్కుడు తీగకు ఊతంగా పాతాడు. పంతులి తప్పులు దిద్దడానికి పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చేవాళ్లు.

నేను రామారావు కొట్లో అడవి సారపప్పుకు బదులుగా ఉప్పు కొలిచేవాణ్ణి. బడి ముఖం చూడలేదు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ‘నాకు గురువెవడూ లేడు’ అని కనబడ్డవాడికల్లా చెప్పేవాణ్ణి. జీతం తీసుకుని తప్పులు చెప్పే మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండేది.

“ఏమయ్యా నందా, జపాన్ ఆఫ్రికాలోనే కదా?”

“ఏంది పంతులూ! ఆసియాల ఉంది.”

“రుజువేదీ?”

ఆయన దగ్గరే పుస్తకం తెచ్చుకుని, చదివి, ఆయన ముఖాన పెట్టేవాణ్ణి. “అబ్బ, దొరికిపోయానే! ఇదిగో ఇంకోటి. దీంతో పట్టుకో చూద్దాం” అనేవాడు.

రామారావుకు మాత్రం ఈ బడి గిట్టలేదు. లెక్కలు నేర్చిన పిల్లలు సంతలో తల్లుల పక్కన నిలబడి కొలతలు లెక్కపెడుతున్నారు మరి. పంతులికి ఏమీ రాదని, పాత పంతుల్నే పంపమని జగదల్‌పూర్ ఆఫీసుకు అర్జీ పెట్టాడు. తనిఖీ అధికారి దిగాడు. ఈ పరీక్ష తప్పితే పాత పంతులూ వస్తాడు, బెత్తమూ వస్తుంది, పిల్లలు మళ్లీ అడవికి పోతారు. చూడటానికి రామారావు గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన వెనకాల నేను.

“మానికకు నాలుగు సోలలు. ఐదు మానికలకు ఎన్ని?” అధికారి వచ్చీరాని తెలుగులో అడిగాడు.

పిల్లలు గోడకు ఒదిగి కూర్చున్నారు. కోటు వేసుకున్నవాడెవడైనా వాళ్లకు కేసులు పెట్టే అడవి జవానే. హుంగే నేలలోకి చూస్తోంది. రామారావు మీసం సవరించుకున్నాడు.

“సరే, మీరే చెప్పండి పంతులుగారూ.”

“పద్దెనిమిదండీ.”

హుంగే తల ఎత్తింది. పెదవి కొరికింది. ఇక ఆగలేక, “ఇరవై!” అని అరిచింది.

“పద్దెనిమిదే.”

“ఇరవై పంతులూ! వేళ్లు మడువు!” బడి మొత్తం లేచి నిలబడింది.

అధికారి అడిగిన ప్రతిదానికీ పంతులు తప్పు చెప్పడం, పిల్లలు మీదపడి దిద్దడం. చివరికి పంతులు, “ఏదైతేనేం, సంతలో ఉప్పు మానికా సారపప్పు మానికా ఒకటేనండీ” అన్నాడు.

“కాదు!” వెనక వరసలోని మంగ్లూ గొంతు చించుకున్నాడు. “ఉప్పు కర్రతో అంచుకు సమంగా గీసి ఇస్తరు. మా సారపప్పు పుట్ట లెక్క పోయించుకుంటరు!”

“ఏ కొట్లో?” అన్నాడు అధికారి.

వేళ్లన్నీ ఒకేవైపు లేచాయి. రామారావు అదాటున బడి వాసాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

“అర్జీ నిజమే. ఈ పంతులికి ఏమీ రాదు,” అధికారి నవ్వు ఆపుకోలేకపోయాడు. “మిగతా పంతుళ్లకు కూడా ఏమీ రాకుండా ఉంటే బాగుండు!”

తర్వాతి సంత నుంచి నేను ఉప్పును కూడా పుట్టలాగే పోశాను. రామారావు పద్దుల పుస్తకంలో తల దూర్చాడు.

తనిఖీ జరిగిన సాయంత్రమే పంతులు చిక్కుడు తీగ సవరిస్తున్నాడు.

“పంతులూ, నిజం చెప్పు. జపాన్ ఎక్కడుందో నీకు తెల్వదా?”

“నువ్వే చెప్పావుగా, ఆసియాలో అని. చదువుకున్నవాడివి, నీ మాట నమ్మాను. ఇంతకీ నీకు గురువెవరూ లేరంటావు?”

“లేరు,” అన్నాను, చంకలో ఆయన పుస్తకంతోనే.

“తప్పు,” అన్నాడు.

ఆయన నోట నేను విన్న మొదటి ఒప్పు అదే.