ఎల్లయ్య మేస్త్రి నెమలిని గీసిందెవరు?

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మే తీరిక కూడా లేదు, ఎందుకంటే వాటిని తయారుచేసే పనిలో ఉండేవాణ్ణి. పంజాగుట్టలో ఒక తెల్లచీర ఆవిడ స్కూటర్లు ఆపి లిఫ్ట్ అడుగుతుందని ఒకప్పుడు చెప్పుకునేవారు. ఆవిడ నా సృష్టే. ఒక పెళ్లి భోజనాల దగ్గర పెరుగు రావడం ఆలస్యమైతే కాలక్షేపానికి పుట్టించాను. నెల తిరక్కుండా మా బావమరిది ఆ కథ నాకే చెప్పి, ఆవిణ్ణి ఎక్కించుకున్న మనిషి తనకు బాగా తెలుసన్నాడు.

ఇలాంటివాడి మాట ఎవరు నమ్ముతారు? అందుకే ఇక్కడ ఒక్క కోత కూడా కోయను. ఇది పట్టపగలు, నలుగురి మధ్య జరిగింది.

నా పని కదిలే బొమ్మలు చేయడం. బట్టల షాపు గుమ్మంలో చేతులు జోడిస్తూ, దించుతూ నిలబడే బొమ్మను చూసుంటారు. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా అలాంటివి చాలా వరకు నా చేతిమీదుగా వెళ్లినవే. నాకు ఆ పని నేర్పింది ఎల్లయ్య మేస్త్రి. సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి, అది మూతపడ్డాక బొమ్మల్లోకి దిగిన మనిషి. కాగితం మీద గీత గీసి ఎరగడు. కొలతలన్నీ వేళ్ల లెక్క. సుద్దముక్కతో చెక్క మీద అంకెలు వేసేవాడు, అవి కూడా వాళ్ల తాత దగ్గర నేర్చుకున్న తెలుగు అంకెలు. నాకు మొదటి రెండేళ్లు అవి జిలేబీల్లా కనిపించేవి.

ఆయన పేరు నిలబెట్టింది ఒక నెమలి. అమీర్‌పేటలో మా గల్లీ వినాయకుడి మండపంలో, విగ్రహానికి కుడిపక్కన ఆరడుగుల నెమలి. పదకొండు ఇనుప ఊచల మీద పురి. పాత లారీ వైపర్ మోటరుతో నడిచేది. పురి విప్పే నెమలిని ఎవరైనా చేస్తారు. నిజం నెమలి పురి విప్పాక ఒళ్లంతా ఒకసారి జలదరిస్తుంది, ఈకలు సన్నగా వణుకుతాయి. మేస్త్రి నెమలి అలా జలదరించేది. ఖైరతాబాద్ పెద్ద వినాయకుణ్ణి చూడ్డానికి వెళ్లే జనం మధ్యలో బస్సు దిగి మా గల్లీకి వచ్చి అది చూసి పోయేవాళ్లు.

ఆ వణుకు ఎక్కడ పుడుతుందో ఆయనకొక్కడికే తెలుసు. నెమలి కాళ్ల కింద ఒక రేకుపెట్టె, దానికి నడిమధ్య ఒకే ఒక్క పెద్ద నట్టు. ఏటా చవితికి ముందు దాన్ని విప్పే వేళకు నన్ను చాయ్ తెమ్మని పంపేవాడు. నేను తిరిగొచ్చేసరికి పెట్టె మూసి ఉండేది. పదమూడేళ్లు చాయ్ తెచ్చాను.

ఆ ఏడు మాఘమాసంలో మేస్త్రి పోయాడు.

అమీర్‌పేటలో ప్రతి కరెంటు స్తంభానికీ కంప్యూటర్ కోర్సు కాగితాలు అంటించి ఉన్న రోజులవి. బియ్యం కొట్లు, కుట్టు మిషన్ల షాపులు, చివరికి కారు షెడ్లు కూడా ల్యాబులైపోయాయి. నెమలి పదకొండు నెలలు పడుకునే గదిని కూడా ఓనరు జావా కోర్సు వాళ్లకిచ్చేశాడు. శ్రావణంలో దాన్ని గోనెపట్టాలు విప్పి బయటికి తీస్తే, ఒక ఊచ తుప్పుపట్టి విరిగిపోయి ఉంది. కమిటీ పెద్ద నర్సింగన్న తల పట్టుకుంటే, నేను ఛాతీ విరుచుకుని, "మేస్త్రి విద్యంతా నా చేతుల్లో ఉంది, మీకెందుకు" అన్నాను. నా చేతుల్లో ఉన్నది చాయ్ దుకాణం దారి మాత్రమే.

చవితికి మూడు రోజుల ముందు విరిగిన ఊచ తీసేసి, నా సొంత సైకిల్ చక్రం నుంచి ఒక పుల్ల లాగి, దాని తల వంచి అక్కడ బిగించాను. స్విచ్ వేశాను. నెమలి గొడుగులా తెరుచుకుంది, గొడుగులా మూసుకుంది. వణుకు లేదు.

రేకుపెట్టె విప్పబోయాను. నట్టు పక్కన ఎటు తిప్పాలో చూపిస్తూ మేస్త్రి తన చేత్తో రేకు మీద చెక్కిన బాణం గుర్తు ఒకటి ఉంది. ఆ గుర్తు ప్రకారమే తిప్పాను. పానా వంగింది, నట్టు కదల్లేదు. కిరోసిన్ పోసి నానబెట్టి మర్నాడు మండపం కట్టే కుర్రాడొకణ్ణి పిలిచి ఇద్దరం పట్టుకుని తిప్పాం. అరచేయి చీరుకుపోయింది. రేకు కోద్దామంటే, లోపలి అమరిక చెదిరితే మళ్లీ పెట్టేవాడు లేడు.

నర్సింగన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. కోపం లేదు మనిషికి, అదే భయంగా ఉంది.

"శేఖర్ భాయ్, రేపు పొద్దుగూకే దాక చూస్త. కృష్ణానగర్ నుంచి సినిమా సెట్టింగులోడు వచ్చిండు, లైట్ల గోపురం పెడ్తనంటుండు. నెమలి ఆడితే ఏడాదంత పెట్టనీకి నా ఇంట్ల జాగ ఇస్త. ఆడకుంటే మాత్రం పాత ఇనుము కొనే కబాడోనికే. ఈ తుప్పును యాడ పెట్టమంటవ్ చెప్పు?"

"యాదమ్మక్కకు ఏం చెబుతావు?" అన్నాను. యాదమ్మ మేస్త్రి భార్య. ఏటా మొదటి స్విచ్ ఆమే వేసేది.

"గా ముచ్చట నువ్వే చెప్పాలె. విద్యంత నీ చేతులనే ఉన్నదంటివి గద," అని లేచి పోయాడు.

మర్నాడు, చవితి ముందురోజు మధ్యాహ్నం, ఏం చేయాలో తోచక సునీత నెట్ సెంటర్‌కి వెళ్లాను. సునీత విజయవాడ అమ్మాయి, హాస్టల్ కింద ఆరు కంప్యూటర్లతో సెంటర్ నడిపేది. అప్పటికి ఆర్నెల్లుగా నేను అక్కడికి రోజూ వచ్చేవాణ్ణే. మిగతావాళ్లు ఉద్యోగాలకు బయోడేటాలు పంపుకుంటుంటే నేను ప్రపంచంలోని పిచ్చివాళ్లను వెతుక్కునేవాణ్ణి. ఎక్కడో ఒక బడిపంతులు చెక్క పళ్లచక్రాలతోనే గడియారం చేసి, ఒక్కో పంటినీ ఫొటో తీసి పెట్టాడు. ఒకాయన మడిస్తే పలకంత అయ్యే కుర్చీ చేశాడు. ఒకావిడ కాగితం కత్తిరించి, పిడి తిప్పితే ఈదే చేపను చేసి, ఎలా కత్తిరించాలో గీతలు కూడా ఉచితంగా పెట్టేసింది. నాలాంటి మతిలేని జాతి ఒకటి లోకమంతా ఉందని, అది దేన్నీ దాచుకోదని నాకు అక్కడే తెలిసింది.

"ఇవాళ ఏ పిచ్చోడండీ?" అంది సునీత.

"ఇవాళ నేనే," అన్నాను.

నెమలి, మెకానిజం అని ఇంగ్లీషులో కొట్టాను. పనికొచ్చేది ఏమీ రాలేదు. కాగితపు చేప ఆవిడ పేజీకే మళ్లీ పోయి, అడుగున ఉన్న వేరే పేజీల పేర్లు ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయాను. అలా ఎన్నో నొక్కుకి ఒక తెల్లటి పేజీ వచ్చింది. పేరు లేదు, ఒక్క ముక్క రాత లేదు. ఒక బొమ్మ మాత్రం దిగడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లో ఫోను లైన్ మీద బొమ్మ ఒక్కసారిగా వచ్చేది కాదు. పైనుంచి కిందికి, తెర దించినట్టు, గీత గీతగా దిగేది. ముందు నెమలి కుచ్చు వచ్చింది. తర్వాత నీలం మెడ. తర్వాత పురి, పదకొండు ఊచలు. ఎవరో పాత గోధుమరంగు కాగితం మీద వడ్రంగి పెన్సిల్‌తో గీసి, నెమలికి రంగులు పూశారు. నేను ఇంకా మామూలుగానే చూస్తున్నాను. కాళ్లు దిగాయి. కాళ్ల కింద పెట్టె దిగింది. పెట్టె గోడ లేదు, లోపలంతా కనిపించేలా గీశారు. పక్కన అంకెలు.

తెలుగు అంకెలు. జిలేబీలు.

ఒళ్లు చల్లబడింది అని రాస్తే కథలా ఉంటుంది. నిజానికి చెమట పట్టింది, ఫ్యాను కిందే. బొమ్మలో నట్టు దగ్గర ఒక బాణం ఉంది, మేస్త్రి రేకు మీద చెక్కినదానికి సరిగ్గా ఎదురుదిక్కుకి. పెట్టె లోపల కోడిగుడ్డు ఆకారంలో చక్రం. ఆ చక్రం అంచున ఒకచోట రంపపు పళ్లలాంటి సన్నటి గాట్లు, పక్కన '౯'. అంటే తొమ్మిది. పురి విప్పిన ఊచల మొదలు ఆ తొమ్మిది గాట్ల మీదుగా గడగడా జారితే, అదే వణుకు.

"ప్రింటు తియ్యమ్మా, వెంటనే," అన్నాను.

"నీలం ఇంకు అయిపోయిందండీ. నెమలి గులాబీ రంగులో వస్తుంది, పర్లేదా? అవునూ, ఇది మన గల్లీ నెమలిలా ఉందే, మీరే పెట్టారా నెట్‌లో?"

కాగితం బయటికి రాగానే పట్టుకుని పరిగెత్తాను.

మండపం దగ్గర లైట్ల గోపురం వాళ్లు అప్పటికే కర్రలు దించుతున్నారు. నర్సింగన్న చూస్తుండగా మోకాళ్ల మీద కూర్చుని, పానాను మేస్త్రి బాణానికి ఎదురు తిప్పాను. నట్టు కిర్రుమని ఒకసారి మొరాయించి, తర్వాత సీసా మూతలా తిరిగి చేతిలోకి వచ్చేసింది. ఎడమ మర. మేస్త్రి మర తిరగేసి కోయించి, పైన అబద్ధపు బాణం చెక్కాడు, దొంగ శిష్యులు విప్పకుండా. మేస్త్రి గుర్తని నమ్మి నేను రెండు రోజులుగా దాన్ని బిగిస్తూ కూర్చున్నాను.

లోపల గుడ్డు చక్రం ఉంది. అంచున గాట్లు అరిగి నున్నగా అయిపోయాయి. అప్పుడు అర్థమైంది, నేను చాయ్‌కి వెళ్లిన ప్రతిసారీ ఆయన చేసింది ఇదే. ఏడాది అరుగుదలకు మళ్లీ గాట్లు పెట్టుకునేవాడు. బొమ్మ ముందు పెట్టుకుని, ఆకురాయితో తొమ్మిదీ పెట్టాను. చేయి చీరుకుపోయి ఉందన్న సంగతే గుర్తులేదు.

యాదమ్మను పిలిపించాం. స్విచ్ వేసింది. పురి విచ్చుకుంది, నిలబడింది, ఒక క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత నెమలి మెడ నుంచి చివరి ఈక దాకా సన్నగా జలదరించింది.

మా గల్లీ ఎప్పుడూ అంత గోల చేయలేదు. హాస్టల్ బాల్కనీల్లోంచి కోర్సుల కుర్రాళ్లు ఈలలు వేశారు. గోపురం తెచ్చినవాడే ముందుకొచ్చి మళ్లీ ఒకసారి వేయమన్నాడు. నర్సింగన్న నా మెడ చుట్టూ చేయి వేసి, "సచ్చినోడా, మస్తు భయపెట్టినవ్ గద," అని నా భుజానికే కళ్లు తుడుచుకున్నాడు. ఆ పదకొండు రోజులూ జనం రోడ్డు మీదికి బారులు తీరారు. పంజాగుట్టలో ఒక నగల షాపు ఓనరు మా మండపంలోనే నిలబడి రెండు నెమళ్లకు బేరం కుదుర్చుకుపోయాడు.

ఇంతవరకైతే వింత ఏమీ లేదనుకోవచ్చు. మేస్త్రి ఎవరికో గీసిచ్చాడు, వాళ్లు నెట్‌లో పెట్టారు. నేనూ అదే అనుకున్నాను. చవితి రోజు హారతి అయ్యాక యాదమ్మకు కాగితం చూపించాను. ఆమెకు చదువు రాదు, అంకెలు మాత్రం మొగుడివని గుర్తుపట్టింది. చాలాసేపు చూసి, ఒకచోట వేలు పెట్టింది.

"గీ ఒక్క పుల్ల తల గిట్ల వంకరెందుకున్నదిరా?"

ఎడమ నుంచి ఏడో ఊచ. మిగతా వాటికంటే సన్నం, తల వంచి ఉంది. నా సైకిల్ పుల్ల. మేస్త్రి పోయిన ఏడు నెలలకు, నేను ఒక్కణ్ణే కూర్చుని బిగించిన పుల్ల.

అది నా సైకిల్ పుల్లేనని చెప్పాను. యాదమ్మ అంది, "నీ మీద నమ్మకం లేక మీ మేస్త్రే బొమ్మ గీసి పంపినట్టుండు," అని. నవ్వుతూనే అంది.

మర్నాడు సునీత దగ్గరికి పోయాను. ఆ కంప్యూటర్‌లో చూసిన పేజీల జాబితా తీశాం. చెక్క గడియారం ఉంది, కుర్చీ ఉంది, కాగితపు చేప ఉంది. చేప తర్వాత ఏదీ లేదు. ప్రింటు తీసింది తనకు గుర్తుంది, నీలం లేదన్న మాట గుర్తుంది. కాగితం అడుగున పేజీ అడ్రసు పడాలి, అక్కడ ఇంకు చెదిరి మొదటి నాలుగక్షరాల తర్వాత మరక. అప్పటినుంచి ఎంత వేగమైన నెట్ వస్తే అంత వేగంగా వెతుకుతున్నాను. కాగితం నా షాపులో అద్దం వెనక ఉంది. నెమలి ఇప్పుడు పూర్తిగా వెలిసిపోయింది, పెన్సిల్ గీతలు మాత్రం నిలిచాయి.

కోర్సుల కుర్రాడెవడో ఆట పట్టించాడంటారా? వాడు మూసి ఉన్న పెట్టెలోకి ఎలా చూశాడు? నేనే గీసి మర్చిపోయానంటారా? ఆ తొమ్మిది గాట్ల సంగతి నాకు తెలిసుంటే అరచేయి చీరుకుంటానా? మా ఆవిడ, బావమరిది, నర్సింగన్న, అందరూ దీన్ని నా మిగతా కథల పక్కనే పెట్టారు. తెల్లచీర ఆవిణ్ణి నమ్మినవాళ్లు సైకిల్ పుల్లను నమ్మరు.

ఒక్కటి మాత్రం మారింది. ఆ తర్వాత ఏ ఏడూ నేను రేకుపెట్టె మూయలేదు. ముందుపక్క గాజుపలక పెట్టించాను. గుడ్డు చక్రం తిరగడం, తొమ్మిది గాట్లు, అంతా జనానికి కనిపిస్తుంది. నెమలిని వదిలేసి పెట్టెనే చూసే పిల్లలు ఉంటారు. ఎలా వణుకుతుందని ఎవరడిగినా పానా చేతికిచ్చి, నట్టు ఎటు తిప్పాలో చెబుతాను. ఎవరు నేర్పారని అడిగితే మేస్త్రి పేరు చెబుతాను. ఎప్పుడు నేర్పారని అడిగితే మాత్రం షాపుకి తీసుకెళ్లి, అద్దం వెనక కాగితంలో ఎడమ నుంచి ఏడో ఊచను చూపిస్తాను.