సన్నజాజి పందిట్లో సవరం

రెండో యుద్ధం ఇంకా రాని రోజులు. ఏలూరులో మా ఇంటికి నన్ను చూసుకోవడానికి ఆకివీడు నుంచి పెళ్లివారు వస్తున్నారు. టైఫాయిడ్‌తో నా జుట్టు సగం ఊడిపోయింది. అమ్మ పొద్దున్నే సవరాన్ని కుంకుడురసంతో రుద్ది, పెరట్లో సన్నజాజి పందిరి మీద ఆరేసింది. అందులోనే పిగిలిపిట్ట గూడు కడుతోందని ఎవరికి గుర్తుంది? తీసేసరికి, పిట్ట పీక్కుపోగా సవరం ఎలుక తోకంత మిగిలింది! కనకాంబరాలు చుట్టి ఎలాగో జడ అనిపించింది అమ్మ.

పెళ్లికొడుకు తల్లి, జడ వెలుగులో చూస్తానని నన్ను పందిరి దగ్గరికి తీసుకెళ్లారు.

"ఇదేవిటమ్మా, పిట్ట గూట్లో ఇంత బారు జుట్టు?" అంటూ చెయ్యి పెట్టారు.

పిట్ట ఆవిడ వేలు పొడిచింది. ఆవిడ గభాల్న వెనక్కి తగ్గేసరికి కొప్పు తీగకి చిక్కుకుని ఊడొచ్చింది. అదీ సవరమే! పందిరికి వేలాడుతున్న దాన్ని కూడా పిట్ట పీకడం మొదలెట్టింది.

నవ్వాపుకోలేక నోట్లో కొంగు కుక్కుకున్నాను. ఆవిడ తలమీద చెంగు కప్పుకుని, "ఏవండీ వదినగారూ, పిల్ల మాకు నచ్చిందండీ. ముందా పిట్టని తోలండి," అన్నారు అమ్మతో.

కాపురానికెళ్లాక అత్తగారితో నేనెన్నడూ పోట్లాడలేదు. ఒకరి గుట్టు ఒకరికి తెలుసు మరి! సవరాలు మాత్రం ఇద్దరం గదిలోనే, తలుపేసుకుని ఆరేసుకునేవాళ్లం.