ఆంజినమ్మ దంచించిన విత్తనాలు

కుందుర్పి పక్క పల్లెలో అంగన్‌వాడీ ఆయా ఆంజినమ్మకు శెనగవిత్తనమంటే, అదే వేరుశెనగ పలుకంటే, పగ. అంతకంటే పెద్ద పగ బావ హనుమంతరాయుడి మీద.

పదమూడేండ్ల కిందట కళ్లంలో శెనక్కాయలు ఒలుస్తుంటే, ఆమె రెండేండ్ల కొడుకు నోట్లో అతను గుప్పెడు విత్తనాలు పోశాడు. "ఇవి తినకుంటే మన సీమ బిడ్డెట్లయితాడు?" అంటూ గాల్లోకి ఎగరేశాడు. పిల్లవాడి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ముఖం నల్లబడింది. ఒకరు నీళ్లు పోశారు, ఇంకొకరు గొంతులో వేలు పెట్టారు. ఏం చేయాలో ఎవరికీ తెలియదు. ఆటో ఆసుపత్రికి చేరేలోపే బిడ్డ చల్లబడ్డాడు.

"అంతా విధి," అన్నాడు హనుమంతరాయుడు.

ఆ తర్వాత ఆమె ఆయాగా చేరిన ఏడాది, శిక్షణలో నర్సు వనజాక్షి చెప్పింది: ఐదేండ్లలోపు పిల్లలకు విత్తనాలు గింజలుగా పెట్టకూడదు, పొడి కొట్టే పెట్టాలని. ఆంజినమ్మ ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది. అంటే తన బిడ్డ చావు విధి కాదు.

అప్పటి నుంచి వేయించిన విత్తనాలు పిండయ్యేదాకా దంచి అన్నంలో కలిపేది. గుగ్గిళ్లు మెత్తగా మెదిపేది. ద్రాక్షపండును నిలువునా నాలుగు చీలికలు చేసేది. ఆడుతూ పరిగెత్తే పిల్లలకు ముద్ద పెట్టేది కాదు. రోకలి పోటు పోటుకూ బావ ముఖమే కళ్లముందు కదిలేది.

నిరుడు హనుమంతరాయుడి మనవరాలు, మూడేండ్ల ఈశ్వరి, అంగన్‌వాడీలో చేరింది. ఒక మధ్యాహ్నం అతను పాప నోటికి విత్తనాలు అందిస్తుంటే ఆంజినమ్మ చూసింది. ఒక్క ఉరుకున పోయి చేతి మీద కొట్టింది. విత్తనాలు చెల్లాచెదురయ్యాయి.

"ఏమప్పా, ఒగణ్ణి మింగింది సాలలేదా?"

"పాప ఏడుస్తాంటే..."

"ఆ పొద్దు నా కొడుకు నవ్వుతాండె! కూసో ఆడ, రోలు ముందర."

తల్లులందరూ చూస్తుండగా అతనితో దంచించింది. అరచేతులు బొబ్బలెక్కాయి.

"ఇంకా బరకగా ఉండాది. దంచు."

"తప్పయిపాయ ఆంజినమ్మా. మన్నించు."

"మన్నించను. రేపు గూడా రా."

మనవరాలి మొహం చూసి అతను వచ్చాడు. రోజూ వస్తూనే ఉన్నాడు. ఇంక చాలించమని ఊళ్లోవాళ్లు చెప్పినా ఆమె వినలేదు. పైగా ఇంకో శిక్ష కూడా వేసింది. కొత్త తల్లి ఎవరు వచ్చినా, ఆంజినమ్మ కొడుకు ఎట్లా పోయాడో అతనే చెప్పాలి. మొదటిసారి చెప్పలేక భోరుమన్నాడు.

"ఏడ్సేది తర్వాత," అంది ఆంజినమ్మ. "ముందు సెప్పు."