కాఫీ తెమ్మన్న సీను

కోర్టు హాల్లో నాటకం ఆడమని పిలిచినవాళ్ళే ఒక సీను తీసేయమన్నారు. దోనా అల్జిరాకు ఒళ్ళు మండిపోయింది.

పరగ్వాసు నది ఒడ్డున ఉన్న ఆ కోర్టులోనే ఆమె ముప్పై ఒక్కేళ్ళు కాఫీ అందించింది. పళ్ళెం ముందు జడ్జి దగ్గరికి, తర్వాత ప్రాసిక్యూటరుకు, ఆ తర్వాత ప్లీడర్లకు. పొద్దుటి నుంచి వెనక బెంచీల మీద పడిగాపులు కాసే ముద్దాయిల తల్లులకు చుక్క కూడా ఉండదు. ఎక్కడా రాసిలేని చట్టం గనక ఎవరూ దాన్ని మీరలేదు.

రిటైరయ్యాక ఆమె ఒక్కతే ఆడే నాటకం కట్టుకుంది. ఆ ఊరి కోర్టులో వాదించిన మొట్టమొదటి నల్ల ఆడమనిషి లియొకాదియా కథ. మొదటిరోజే జడ్జి ఆమెను చూసి కాఫీ తెమ్మన్నాడు. లియొకాదియా తెచ్చింది. తెచ్చి ముద్దాయి తల్లి చేతికిచ్చి, "అయ్యా, ఇక కేసు మొదలుపెడదామా?" అంది.

వద్దన్నది ఆ సీనే. నవంబరులో నల్లవాళ్ళను గౌరవించే వారం, ఈ నాటకం ఆ ఉత్సవాల్లోదే. ఏడు రోజులూ పెద్దలకు ఎక్కడలేని ప్రేమ పొంగుకొస్తుంది, ఎనిమిదోనాడు చల్లారుతుంది.

"పండగపూట జడ్జిగార్ని నొప్పించడం దేనికి పిన్నీ?" అన్నాడు ఉత్సవాల ఏర్పాట్లు చూసే వాగ్నెర్.

"కాఫీ అడిగినాయన పోయి అరవయ్యేళ్ళయింది నాయనా. ఇప్పుడు భుజాలు తడుముకునేదెవరు?"

"ఇప్పుడలాంటివి లేవుగా!"

"లేవు. మరి నన్ను వెనకవైపు గుమ్మంలోంచి రమ్మన్నావేం?"

"అటైతే నీడగా ఉంటుందనీ..." వాగ్నెర్ నసిగాడు.

ఆ సాయంత్రం అల్జిరా నల్లకోటు తొడిగి ఆ సీనూ ఆడింది. పొగలు కక్కే కప్పు పట్టుకుని వేదిక మెట్లు దిగింది. కాళ్ళు వాటంతటవే తిన్నగా ముందు వరసకు నడిచాయి. అక్కడ కూర్చున్న ఇప్పటి జడ్జిగారు కూడా, పక్కాయనతో మాట్లాడుతూనే, చూడకుండా చెయ్యి చాచారు.

అల్జిరా ఆగిపోయింది. ఆ చేతి మీద ఎంత కోపం వచ్చిందో, తన కాళ్ళ మీద అంతకు రెట్టింపు వచ్చింది. వెనుదిరిగి చివరి బెంచీ దాకా నడిచింది. అక్కడ ఒకామె ఒళ్ళో కాగితాల సంచితో కూర్చుని ఉంది. ఈ ఉత్సవం కోసమే ఆమె కొడుకు కేసు ఆ ఉదయం వాయిదా వేశారు.

"నాకా?" అందామె బెదురుగా.

"నీకే తల్లీ, తాగు."

అల్జిరా జడ్జి వైపు తిరిగింది. "అయ్యా, ఇక కేసు మొదలుపెడదామా?"

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. అల్జిరా జడ్జి జవాబు కోసం నిలబడే ఉంది.